రాసినవ్ సరే, మేం అన్నమా?

చచ్చిపోయిన మనిషి వేసిన వేలిముద్రను మా ఇంటి వరండాలో కూర్చుని చూశాను.

తెచ్చింది ఆమె కోడలు. పొద్దున్నే భద్రాచలంలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, మధ్యాహ్నానికి తల్లాడలో దిగింది. పంచాయతీ సెక్రటరీగా చేసి రిటైరైన సారు ఇల్లెక్కడ అని ఇద్దరు ముగ్గుర్ని అడిగి మా గేటు తీసింది. మంచినీళ్ల గ్లాసు అందిస్తే తాగకుండా పక్కన పెట్టి, ముందు సంచిలోంచి కాగితాలు తీసింది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, మూడుసార్లు తిరిగి సంపాదించిన నకళ్లు. వాళ్ల ఊరి గ్రామసభ తీర్మానం. ఊరి వెనక గుట్టను రాయి కొట్టుకోవడానికి లీజుకివ్వడం తమకు సమ్మతమేనని గ్రామస్తులంతా ఏకగ్రీవంగా చెప్పినట్టు అందులో ఉంది. కింద పేర్లు, పేర్లకెదురుగా సంతకాలు, వేలిముద్రలు.

"పద్నాలుగో పేరు చూడు సారూ."

చూశాను. ఆమె అత్త పేరే. పక్కన జిరాక్సులో అలుక్కుపోయిన నల్లటి వేలిముద్ర.

"ఇగ తారీకు చూడు. అత్తమ్మ పోయి అప్పటికి ఐదు నెలలు. తునికాకు కోసే రోజుల్ల పోయింది. దసరా అయినంక వచ్చి వేలు పెట్టిందట."

ఆమె పోయిన సంగతి నాకు తెలుసు. భద్రాచలం దవాఖానాలో నాలుగు రోజులు జ్వరంతో ఉండి, ఇంటికి తెచ్చాక పోయిందని ఎవరో ఫోన్ చేస్తే, అయ్యో అన్నాను. వెళ్లలేదు. ఎండలు మండిపోతున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ నల్లటి మరకను మళ్లీ మళ్లీ చూశాను. ఆమె చనిపోయిందని రిజిస్టర్లో రాసి, ధ్రువపత్రం ఇచ్చింది ఆ పంచాయతీయే. ఐదు నెలల తర్వాత ఆమె బతికి వచ్చి సభలో కూర్చుందని రాసింది కూడా ఆ పంచాయతీయే. రెండు రిజిస్టర్లూ ఒకే బీరువాలో ఉంటాయి. నేను ఆరేళ్లు ఆ బీరువా తాళంచెవి జేబులో వేసుకుని తిరిగినవాణ్ణి, నాకు తెలుసు.

అయినా నన్ను మండించింది అది కూడా కాదు. ఈ మనిషి వేలా?

ఆ ఊరికి నేను బదిలీ మీద వెళ్లిన కొత్తలో, అంతకు ముందు ఊళ్లలో చేసినట్టే చేశాను. గ్రామసభ పెట్టాల్సిన రోజున పెట్టలేదు. రెండు రోజుల తర్వాత గదిలో కూర్చుని, సభ జరిగినట్టు రిజిస్టర్లో రాసేశాను. తర్వాత ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, ఇంకు ప్యాడ్ చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరూ వేలు పెట్టారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఊరి చివరి ఇంట్లో ఒకామె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎడమ కంటి మీద పాత మచ్చ. నన్ను చూసి లేవలేదు.

"ఏంది గది?"

"గ్రామసభ రిజిస్టరు అవ్వా. వేలు పెట్టు."

"సభ ఎప్పుడైంది?"

"మొన్న."

"మొన్న నేను ఊళ్లెనే ఉన్న. నాకెందుకు కనపడలే?"

అందరూ పెట్టారు అవ్వా, నువ్వొక్కదానివే మిగిలావు అన్నాను. ఆమె చేతులు దులుపుకుని, వాకిట్లో ఉన్న మంచం చూపించి కూర్చోమంది. "ఏం రాసినవో చదువు."

చదివాను. తాగునీటి సమస్యపై సభ్యులు కూలంకషంగా చర్చించి అని ఉంది.

"కూలంకషం అంటే?"

"బాగా మాట్లాడుకున్నారని."

"ఎవరు మాట్లాడిన్రు?"

నేను పుస్తకంలోకి చూశాను, అక్కడేదో జవాబు రాసి ఉన్నట్టు. ఆమె నా ముఖంలోకి చూసి, అరవకుండా, చిన్నపిల్లవాడికి లెక్క తప్పితే చెప్పినట్టు అంది. "రాసినవ్ సరే సారూ. మేం అన్నమా?"

ఆ ఉద్యోగంలో నన్ను పై అధికారులు తిట్టారు, నాయకులు బెదిరించారు. ఏదీ ఇలా తగల్లేదు. మర్నాడు డప్పు చాటింపు వేయించి, వారం తర్వాత నిజంగానే సభ పెట్టాను. భయపడి పెట్టాను. మంచితనంతో అని చెప్పుకోను.

ఆ ఊరి సభల్లో ఆమెకు పదవేమీ లేదు. అయినా సభ ఆమెదే. బల్ల ముందు, నేల మీద, మొదటి వరుసలో కాళ్లు ముడుచుకుని కూర్చునేది. కుర్చీ వేయిస్తే దాని మీద తన సంచి పెట్టేది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒక్కొక్క ఇప్పగింజ ఒళ్లో వేసుకునేది. అందరూ కూర్చున్నాక నన్ను లెక్క అడిగి, తన గింజలు లెక్కపెట్టేది. నాకూ ఆమెకూ తేడా వస్తే నేను మళ్లీ తలలు లెక్కపెట్టాల్సిందే. చట్టం అడిగినంత మంది లేకపోతే, "ఇయ్యాల సభ లేదు, పోండ్రి" అని తనే లేచేది.

ఆమె మొదటి ప్రశ్న ప్రతిసారీ ఒకటే. "పోయినసారి ఏమన్నం? ఏమైంది?" దానికి జవాబు చెప్పకుండా కొత్త విషయం మొదలుపెట్టనిచ్చేది కాదు. బోరుకు మోటారు అడిగారు, రాలేదు. ఎందుకు రాలేదు? కాగితం పంపాను. ఎక్కడికి పంపావు? ఎవరి దగ్గర ఆగింది? అతని పేరేంటి? నాకు తెలియదంటే, "వచ్చేసారి తెలుసుకొని రా" అనేది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నేను మండలాఫీసులో ఫైళ్ల వెంట పడి తిరగడం నేర్చుకున్నాను. నన్నెవరూ మెచ్చుకోలేదు. ఈయనకేం పట్టిందని నవ్వారు.

తెలుగులో చదివిన ప్రతి ముక్కనూ ఎవరో ఒకరు లేచి కోయలో చెప్పాలి. లేకపోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. "ముసలోళ్లకు ఏమర్థమైంది? చెట్లకు చెప్తున్నవా?" అనేది. ఒకసారి పెద్దాఫీసరు వచ్చాడు. టైం లేదు, జల్దీ కానియ్యండి అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి జనంతో కోయలో ఏదో అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆఫీసరు నన్నడిగితే, ఆమె మిమ్మల్ని కూర్చోమంటోంది సార్ అని అబద్ధం చెప్పాను. అప్పటికి నాకు కోయ కొంచెం అర్థమయ్యేది, ఆమె అన్నది వేరు. "ఈయన జీతం పొద్దుందాక ఉన్నందుకే గదా!"

అన్నిటికంటే నాయకులకు గొంతులో ముల్లయింది కండువాల సంగతి. ఊళ్లో రెండు పార్టీలున్నాయి. సభకు రెండు రంగుల కండువాలు వేసుకుని రెండు వైపులా కూర్చునేవాళ్లు. ఒకరు అవునంటే రెండోవాళ్లు కాదనాల్సిందే, అది మంచినీళ్లయినా సరే. రెండో సభలోనే ఆమె లేచి కంచె చూపించింది. "గవి ఆడ తగిలించి రాండ్రి. ఓట్లప్పుడు ఏసుకోండ్రి. ఈడ నీళ్ల ముచ్చట, గుట్ట ముచ్చట." ఒకాయన ఎగిరాడు, నువ్వెవరు చెప్పడానికి అని. "ఓటున్నదాన్ని" అంది. అంతే. చివరికి అతని అన్నే ముందు లేచి కండువా తీసి కంచె మీద వేశాడు.

రెండు పార్టీల వాళ్లూ ఆమెను సర్పంచిగా నిలబడమన్నారు. ఎవరి వెంట వెళ్లినా గెలిచేది. ఎందుకు నిలబడలేదని నేనే ఒకసారి అడిగాను. ఆకు కట్టలు కడుతూ, తలెత్తకుండా అంది. "నేను ఆడ గూసుంటే నన్నెవరు అడుగుతరు?"

ఆమె దేవతేం కాదు. నోరు దురుసు. ఎదుటివాడు చెప్పేది సగం విని తీర్పు ఇచ్చేసేది. ఒక వానాకాలం సభలో అంగన్‌వాడీ టీచరు మీద పడింది. పిల్లలకు గుడ్లు పెట్టడం లేదు, ఇంటికి తీసుకుపోతోంది అని నలుగురిలో అనేసింది. ఆ పిల్ల ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. నిజమేమిటంటే గోదావరి పొంగి, వాగు దారి మూసుకుపోయి, మూడు వారాలు గుడ్ల బండే రాలేదు. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

తర్వాతి సభలో నేను ఎజెండా చదవబోతుంటే లేచింది. టీచరు వెనక ఎక్కడో కూర్చుంటే పిలిచి ముందుకు రమ్మంది. "పోయినసారి నేను ఈ పిల్లను దొంగ అన్న. తప్పన్న. బండి రాలే. అడగకుండనే అన్న." తర్వాత నావైపు తిరిగింది. "రాయి."

"ఇది రాయక్కర్లేదులే అవ్వా."

"పోయినసారి నేనన్నది రాసినవా లేదా?"

"రాశాను."

"మరి గిది గూడ రాయి."

రాశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో, ఒక మనిషి తన తప్పు తనే చెప్పి రాయించిన తీర్మానం నాకు అదొక్కటే. దాని కింద వేలు పెట్టేటప్పుడు ఆమె ఒక క్షణం ఆగింది. మాట నాది, ఈ మరక ఎవరిదైనా కావచ్చు అనుకుందేమో. ఆ సాయంత్రమే టీచరు దగ్గరికి పలక పట్టుకుని వెళ్లింది. తను ఏడిపించిన పిల్ల దగ్గరే తన పేరులోని మూడు అక్షరాలూ దిద్దింది. రెండు నెలలు పట్టింది. మొదటి రెండు అక్షరాలూ గోడకు ఆనుకున్నట్టు పక్కకు ఒరిగేవి, మూడోది మాత్రం పెద్దగా వచ్చేది. మొదటిసారి రిజిస్టర్లో సంతకం చేసి, ఇంకు ప్యాడ్ నావైపు తోసేసింది.

"ఇగ నా వేలు ఎవ్వరికి ఇయ్య."

ఇయ్యలేదు. బతికుండగా మళ్లీ ఎక్కడా వేలు పెట్టలేదు. ఆ సంగతి ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఆమె పేరు పక్కన వేలిముద్ర వేసిన గాడిదకు తప్ప.

ఇక గుట్ట సంగతి. దీన్ని నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పుకున్నాను. నేను నిజాయితీగా నిలబడ్డాననీ, అందుకే బదిలీ చేశారనీ. నా రిటైర్మెంట్ సభలో కూడా ఒకాయన అదే చెప్పి నాకు శాలువా కప్పాడు. కప్పించుకున్నాను.

జరిగింది ఇది. గుట్ట మీద రాయి మంచిదని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఏజెన్సీ ఊరు కాబట్టి గ్రామసభ మాట కావాలి. పైనుంచి నాకు ఫోన్ వచ్చింది. తీర్మానం నమూనా కూడా వచ్చింది. నేను సభకు ముందురోజే దాన్ని రిజిస్టర్లో ఎక్కించేశాను. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని నా అందమైన చేతిరాతతో. సభలో నీళ్లూ రోడ్డూ మాట్లాడించి, జనం లేచే హడావుడిలో సంతకాలు పెట్టించేద్దామనుకున్నాను. ఆ గుట్ట కింద ఊట ఉంది. ఊరంతా ఎండాకాలం తాగేది ఆ నీళ్లే. గుట్ట మీద వాళ్ల వేల్పులున్నారు. అవన్నీ నాకు తెలుసు. తెలిసే రాశాను.

సంతకాలకు మొదట ఆమే వచ్చింది. కలం తీసుకుంది. పెట్టలేదు.

"పేజీ నిండ రాసి ఉంది. ఈడ మాట్లాడింది గింత లేదు గద. చదువు."

నీళ్లది చదివాను. రోడ్డుది చదివాను. పుస్తకం మూయబోయాను.

"ఇంక ఉన్నది. చదువు."

చదివాను. ఎవరో కోయలో చెప్పారు. ఒక్కసారిగా అందరూ లేచారు. కొట్టేవాళ్లే. ఆమె చెయ్యెత్తి ఆపింది. నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందులో కోపం కూడా లేదు. ఎండబోసిన ఇప్పపువ్వు వానకు తడిస్తే చూసినట్టు చూసింది. ఇంత కష్టం పాడైపోయిందే అన్నట్టు.

నేను ఆ నాలుగు వరుసలూ కొట్టేయబోయాను. కలం పట్టుకుంది.

"కొట్టెయ్యకు. అది నువ్వు రాసింది, ఉండనియ్యి. దాని కింద మేమన్నది రాయి."

రాశాను. పై తీర్మానం సభ చెప్పినది కాదు, గుట్ట ఇవ్వడానికి సభ ఒప్పుకోలేదు అని. హాజరైన ప్రతి ఒక్కరూ దాని కిందే సంతకం చేశారు, ముద్ర వేశారు. ఆ పేజీ నా ఉద్యోగాన్ని తినేస్తుందని అనుకున్నాను. పైవాళ్లకు వ్యతిరేకంగా తీర్మానం తెచ్చానని మూడు నెలల్లో బదిలీ మాత్రం చేశారు. పేజీ మొత్తం చదివి ఉంటే, దొంగ తీర్మానం రాసి పట్టుబడ్డానని సస్పెండ్ చేసేవాళ్లు. వాళ్లు చివరి వరుసే చదివారు.

నేను వెళ్లేరోజు ఆమె బస్సు దగ్గరికి రాలేదు. వస్తుందని ఆశపడ్డాను, సిగ్గు లేకుండా.

"సారూ, వింటున్నవా?" అంది కోడలు. ఆమె భర్త సారపాకలో మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆమె పదో తరగతి చదివింది. అత్త పక్కనే కూర్చుని సభలన్నీ చూసింది. "మిషన్లు దిగినయ్. మందు పేలుస్తున్రు. ఊటల తెల్లటి నీళ్లొస్తున్నయ్. ముప్పై రెండు వేలిముద్రలున్నయ్ సారూ ఇందుల. అన్ని ఒక్కటే వేలు లెక్క ఉన్నయ్."

దగ్గరికి పెట్టుకుని చూశాను. నిజమే. బొటనవేలి మధ్యలో అడ్డంగా ఒక గాటు. ముప్పై రెండు చోట్లా అదే గాటు.

సాక్షుల సంతకాలు చూశాను. రెండు పార్టీల నాయకులవీ ఉన్నాయి, పక్కపక్కనే. మంచినీళ్ల దగ్గర, రేషన్ దగ్గర, శ్మశానం దారి దగ్గర ఏనాడూ కలవనివాళ్లు ఇక్కడ కలిశారు. గెలిచినవాడూ ఓడినవాడూ కలిసి ఊరి నోరు నొక్కడానికి ఒకే కలం వాడుకున్నారు. ప్రజాస్వామ్యాన్ని బాగుచేయాలని పట్నాల్లో పెద్ద పెద్ద సదస్సులు పెడతారు. నేనూ రెండింటికి వెళ్లాను, ఫైలూ పెన్నూ ఇచ్చారు. ఈ మనిషి అడిగింది ఎంత? ముందు చెప్పి పిలవండి. వచ్చినవాళ్లను లెక్కపెట్టండి. మా భాషలో చదవండి. పోయినసారి అన్నది ఏమైందో చెప్పండి. కొత్త చట్టం ఒక్కటీ అడగలేదు. ఉన్నదాన్ని నిజంగా జరపమంది. దానికే ఆమెను తగువులమారి అన్నారు. బతికినన్నాళ్లూ ఆమె నోటికి భయపడి, చచ్చాక ఆమె పేరు పక్కన దొంగ వేలు పెట్టారు.

"నేనేం చెయ్యాలమ్మా?"

"విచారణ అడిగినం. అత్తమ్మ సంతకం చేస్తదని, వేలు పెట్టదని నువ్వు రాసియ్యాలె. పాత సెక్రటరీ మాటంటే వింటరు."

ఆ మాట రాసివ్వడం తేలికే. అరపేజీ. రాసి చూసుకున్నాను. నేను మళ్లీ మంచివాడిగా కనపడుతున్నాను అందులో. రెండు రోజులు అది బల్ల మీదే ఉంది. మూడోరోజు చింపి మళ్లీ రాశాను. ఆమె సంతకం సంగతీ రాశాను. ఆ గుట్టకే నేను కూడా ముందురోజు దొంగ తీర్మానం రాశాననీ, ఆమె పట్టుకుందనీ, ఆ పేజీ ఇప్పటికీ రిజిస్టర్లో ఉంటుందనీ, తీసి చూడమనీ రాశాను. ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు తీసుకున్న ఊళ్ల పేర్లు గుర్తున్నంత వరకూ రాశాను. మా ఆవిడ చదివి, పింఛను పోతే ఏం తింటాం అంది. నేను కాగితం మడిచి కవర్లో పెట్టాను.

విచారణాధికారి వాంగ్మూలం చదివి కళ్లజోడు తీశాడు. "సార్, కేసుకు మొదటి పేరా చాలు గదా. మిగతాది ఎందుకు రాసిండ్రు? తీసేసి ఇయ్యుండ్రి, నేను టైప్ చేయిస్త."

"కొట్టేయను. ఉండనివ్వండి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై రెండు దొంగ ముద్రలు చూసినప్పుడు ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఒకడు నిజం చెబితే మాత్రం జాలి.

నాలుగు నెలలైంది. గుట్ట మీద పని తాత్కాలికంగా ఆపారు. మిషన్లు దించలేదు, అక్కడే ఉన్నాయి. తీర్మానం రాసిన సెక్రటరీని రోడ్డు పక్క మంచి ఊరికి మార్చారు. సాక్షి సంతకాలు చేసిన ఇద్దరు నాయకులూ మేం చదవకుండా పెట్టామన్నారు, అది నమ్మారు. ముద్రలు పరీక్షకు పంపామన్నారు, ఎక్కడికి పంపారో చెప్పడం లేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతవరకూ వెళ్లిన నోటీసు ఒకటే. అది నాకు వచ్చింది. సర్వీసులో ఉండగా తప్పుడు తీర్మానాలు రాసినట్టు మీరే అంగీకరించినందున మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలి అని.

జవాబు రాశాను. చర్య తీసుకోండి, విచారణ మాత్రం ఆఫీసు గదిలో వద్దు, ఆ ఊరి గ్రామసభలో పెట్టండి, నాతో పాటు మిగిలినవాళ్లనూ అక్కడే నిలబెట్టండి అని రాశాను. అలాంటి పద్ధతి లేదని వారంలో సమాధానం వచ్చింది. అంత వేగంగా ఆ ఆఫీసు నుంచి నాకు ఏనాడూ కాగితం రాలేదు.

నిన్న కోడలికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె పక్కకు తిరిగి ఎవరితోనో కోయలో మాట్లాడింది. తర్వాత అంది.

"వాళ్లు పెట్టకపోతే మేం పెడతం సారూ. సభ మాది గద. బేస్తవారం నాడు చాటింపు ఏయిస్తం. వస్తవా?"

"వస్తాను."

"వచ్చినంక నిన్ను గూడ అడుగుతం మరి. గట్టిగనే అడుగుతం. ఊట నీళ్లు తాగి పిల్లలకు రోగాలైనయ్, అందరు కోపం మీద ఉన్నరు. అయినా వస్తవా?"

"అడగండి," అన్నాను. "వస్తాను."